సముద్రపు ఒడ్డు కొండ మీద మొదలవుతుంది

(కాకినాడలో డిగ్రీ విద్యార్థుల సభలో భూగోళశాస్త్ర అధ్యాపకులు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో రెండు ప్రశ్నలకు చెప్పిన జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

"దేశంలో తీరాలు, అడవులు: నిన్న, రేపు" అని విషయం ఇచ్చి పిలిచారు. గంటలో దేశమంతా చుట్టి రాలేం కాబట్టి, మనం కూర్చున్న ఈ కాకినాడ నుంచే బయలుదేరతాను. చెప్పదలుచుకున్నది ఒకటే మాట. తీరానికీ అడవికీ మనం విడివిడిగా శాఖలు పెట్టుకున్నాం, చట్టాలు రాసుకున్నాం, లెక్కల పుస్తకాలు తెరిచాం. నేలకూ నీళ్లకూ ఆ విభజన తెలియదు. కొండ మీది అడవికి జరిగింది నదిలోకి దిగుతుంది, నదికి జరిగింది ఒడ్డున తేలుతుంది. త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు మోసుకొచ్చి దించిన మట్టి ఈ డెల్టా. కోనసీమ కొబ్బరిచెట్టు కింద ఉన్నది దక్కను నల్లమట్టి, తూర్పు కనుమల ఎర్రమట్టి. ఇది గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మన దేశ తీరం పొడవెంత అంటే చిన్నప్పటి నుంచి 7,516 కిలోమీటర్లని రాస్తున్నాం కదా. ఈ మధ్య కేంద్రం ఆ లెక్క సవరించి 11,098 కిలోమీటర్లు అంది. ఆంధ్రప్రదేశ్ తీరం 974 నుంచి 1,053 అయింది. ఒడ్డేమీ సాగలేదు. మునుపటికంటే పెద్ద స్కేలు మ్యాపుల మీద కొలిచారు, వంపులూ కయ్యలూ లెక్కలోకి వచ్చాయి. ఆ వంపుల్లోనే అసలు కథంతా ఉంది, ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవులు ఉండేది అక్కడే.

కాకినాడకు దక్షిణాన కోరంగి ఉంది. ఇప్పుడు మనం పడవ ఎక్కి మడ అడవి చూడటానికి వెళ్లే కోరంగి, ఒకప్పుడు తూర్పు తీరంలో పేరున్న రేవు. అక్కడ ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. ఎగువ అడవుల్లో కొట్టిన టేకు గోదావరి మీద తెప్పలుగా దిగి వచ్చేది. బర్మాకు కూలికి వెళ్లిన మనవాళ్లు ఎంతమంది ఈ రేవు నుంచి ఓడెక్కారో, అక్కడ తెలుగు కూలీలకు 'కోరంగీలు' అనే పేరే స్థిరపడిపోయింది. అడవి, నది, రేవు, వలస, అన్నీ ఒకే తాడు మీద ఉన్న ఊరు అది.

ఆ ఊరిని సముద్రం రెండుసార్లు ఊడ్చింది. 1789 డిసెంబరు తుపానులో మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయని, ఇరవై వేల మంది దాకా పోయారని రాసిపెట్టారు. మళ్లీ 1839 నవంబరులో ఇంకో ఉప్పెన. దాని తర్వాత కోరంగి తేరుకోలేదు. కానీ ఉప్పెనతో పాటు ఇంకో కారణం కూడా పని చేసింది, దాని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. నది తెచ్చిన మట్టి మేట వేసి రేవు పూడిపోయింది. ఓడలు లోపలికి రాలేకపోయాయి, వ్యాపారం కాకినాడకు జరిగింది. ఈ మేట సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

ఇప్పుడు కొండల వైపు వెళ్దాం.

1850ల్లో రైలు వచ్చింది. పట్టాల కింద చెక్క దిమ్మెలు కావాలి, ఓడలకు టేకు కావాలి. అడవి అయిపోతుందేమోనన్న భయం మొదట పట్టుకున్నది అడవిని నరికిస్తున్నవాళ్లకే. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి అడవుల అధికారిగా క్లెగార్న్‌ను వేశారు. 1864లో దేశం మొత్తానికి బ్రాండిస్ వచ్చాడు. 1865లో మొదటి అడవి చట్టం, 1878లో ఇంకా గట్టిది, 1882లో మద్రాసు అడవుల చట్టం. కొంత అడవి మిగలడానికి ఇవి కారణమయ్యాయన్నది నిజమే, కాదనను. అయితే అవి అడవిని కాపాడింది ప్రభుత్వ కలప కోసం. అందులో ఉన్న మనిషి రాత్రికి రాత్రి దొంగ అయిపోయాడు. పోడు నేరం, పశువు మేత నేరం, కట్టెపుల్ల నేరం.

దీనికి మన నేల చెప్పిన జవాబు మీకు తెలిసిందే. 1879లో రంప తిరుగుబాటు. 1922 ఫిబ్రవరిలో పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువుల మేతకు పన్ను, కట్టనన్న కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. అదే ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడ్డాడు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం. ఈ పేర్లను మనం స్వాతంత్ర్య పోరాటం పాఠంలో చదువుకుంటాం. అడవి చరిత్ర పాఠంలో కూడా చదవాలని నా పట్టుదల. వీళ్లంతా అడిగింది ఒకటే ప్రశ్న: ఈ అడవి ఎవరిది, ఎవరి అవసరానికి? ఆ ప్రశ్న ఈ రోజుకూ తెగలేదు.

ఇదే అడవి శాస్త్రం కొండలు దిగి మన మడ అడవిలోకి కూడా వచ్చింది. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

మడ చెట్టు బురదలో నిలబడే చెట్టు. ఆ బురదలో గాలి ఉండదు, అందుకని వేర్లు పైకి లేచి గాలి పీలుస్తాయి. పోటు దిగిపోయాక వెళ్లి చూడండి, తల్లి చెట్టు చుట్టూ వందల కొద్దీ వేలి పొడవు వేర్లు నిటారుగా నిలబడి ఉంటాయి. ఉప్పుపొన్న ఇంకో రకం. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తి, ములక్కాడలా వేలాడి, బరువెక్కాక బురదలోకి దిగుతుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని దాని మీద కత్తి వేయడానికి మనవాళ్లు జంకుతారు. రొయ్య, పీత, పండుగప్ప పిల్లలుగా ఉన్నప్పుడు ఈ కాలువల్లోనే పెరిగి, తర్వాత సముద్రానికి పోతాయి. నీటిపిల్లి ఇక్కడే చేపలు పట్టుకుని బతుకుతుంది.

ఈ అడవిని కూడా టేకు తోట మాదిరిగానే చూశారు. కట్టె కోసం బ్లాకులుగా విభజించి, వంతుల వారీగా మొత్తం నరికేవారు. నరికిన చోట మళ్లీ దానంతట అదే మొలుస్తుందనుకున్నారు. నీడ పోయింది, ఎండకు బురద ఎండిపోయింది, ఎండిన నేల కుంగి పళ్లెంలా లోతయింది. పోటుకు వచ్చిన నీరు అందులో నిలిచిపోయి, పాటుకు బయటికి పోలేక, అక్కడే ఆవిరైపోయి, ఉప్పు మిగిల్చింది. సముద్రపు నీళ్ల కంటే ఉప్పు బాగా ఎక్కువైతే మడ మొక్క కూడా బతకదు. అలా అడవి మధ్యలో బోడి నేలలు మిగిలాయి. చాలాకాలం ఆ తప్పును ఊరివాళ్ల మీద, వాళ్ల గేదెల మీద తోశారు.

1990ల చివర్లో స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఒడ్డు గ్రామాల వాళ్లు కలిసి గోదావరి, కృష్ణా మడల్లో ఈ బోడి నేలలను బాగుచేశారు. చేసిన పని చూస్తే చాలా సాదా పని. వాలు ఎటుందో ముందు కొలిచారు. ఏటిపాయ నుంచి ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తీశారు. పై నుంచి చూస్తే చేప ముల్లు ఆకారం. పోటు నీరు లోపలికి వచ్చి పాటుకు వెళ్లిపోవడం మొదలయ్యాక ఉప్పు కడిగేసుకుపోయింది. అప్పుడు మొక్కలు నాటారు, చాలాచోట్ల నీళ్లతో కొట్టుకొచ్చిన గింజలు వాటంతట అవే నాటుకున్నాయి. కాలువల్లో పూడిక తీస్తూ ఉండాలి, ఆ పని మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఊళ్లో మనుషులకు ఆ అడవితో రోజువారీ పని ఉంటేనే పూడిక తీస్తారు.

ఇక ఒడ్డు సంగతి. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కలోనే పది వేల మంది పోయారు. మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి, ఆ రాత్రి చెట్టు కొమ్మ పట్టుకుని బతికినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ తర్వాతే ఒడ్డంతా సరుగుడు తోటలు, తుపాను షెల్టర్లు వచ్చాయి. మరుసటి ఏడాది, 1978లో కోరంగి మడ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడా జిల్లాలో ఊరూరా లెక్కలు తీసి చూస్తే, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా మిగిలిన చోట మరణాలు తక్కువగా ఉన్నాయని తేలింది. మరి ఒడిశాలో ఆ మడలో చాలా భాగం అప్పటికే వరి పొలాలయిపోయింది.

సరుగుడు మీద నా అభిప్రాయం చెప్పి ముందుకు వెళ్తాను. గాలి ఆపడానికి, వంటకట్టెకు అది మేలు చేసింది. కానీ సహజమైన ఇసుక దిబ్బను చదును చేసి సరుగుడు వేయడం తప్పు. దిబ్బ మీద మొగలి పొదలు, పాకే తీగలు ఇసుకను పట్టి ఉంచుతాయి, తుపానుకు కోతపడ్డా దిబ్బ మళ్లీ పేరుకుంటుంది. తాబేలు గుడ్లు పెట్టేదీ ఆ ఇసుకలోనే. నీటి అంచు దాకా చెట్ల వరసలు వేస్తే దానికి చోటుండదు.

ఇప్పుడు ఇందాక చెప్పిన మేట దగ్గరికి వద్దాం. మట్టి ఎక్కువై కోరంగి రేవు పూడిపోయింది. ఇక్కడి నుంచి ఉత్తరాన ఉన్న ఉప్పాడ, ఇసుక చాలక కోసుకుపోతోంది. బీచ్ రోడ్డు మీద వెళ్లినవాళ్లు అందరూ చూశారు. వీధులు పోయాయి, గుళ్లు పోయాయి, ఇళ్లు సగానికి విరిగి నిలబడ్డాయి. ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాల గోడ వేశారు, అది కూడా చెదిరిపోయింది.

ఎందుకు? మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఏడాదంతా చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. గోదావరి ముఖం నుంచి అలా నడిచిన ఇసుకే పొడుగ్గా పేరుకుని హోప్ ఐలాండ్ అయింది. రెండు వందల ఏళ్ల నాటి దిబ్బ అది, దాని చాటునే కాకినాడ రేవు నిశ్చింతగా ఉంది. ఆ దిబ్బ పెరిగేకొద్దీ అలల దారి మారి వాటి బలం ఉప్పాడ వైపు పడింది. దానికి తోడు పైనుంచి వచ్చే సరఫరా తగ్గింది. నిజాంసాగర్, శ్రీరాంసాగర్, జాయక్వాడి, సీలేరు మీద జలాశయాలు, ఇలా ఒక్కొక్కటీ నీటితో పాటు మట్టినీ ఆపింది. 1970ల నుంచి 1990ల మధ్యనే గోదావరి సముద్రానికి తెచ్చే ఒండ్రు సగానికి పైగా తగ్గింది. కృష్ణ సంగతి ఇంకా ఘోరం, చాలా ఏళ్లు హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే నీరే నామమాత్రం.

రిజర్వాయర్లు వద్దని నేను అనడం లేదు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు తాగి పెరిగిన కుటుంబం మాది. కానీ ఆనకట్ట ఖర్చు లెక్క వేసినప్పుడు ఉప్పాడ ఇళ్లు ఆ లెక్కలో ఎన్నడూ లేవు. నదిలో ఇసుక తవ్వే లారీల లెక్కలోనూ లేవు.

ఇది మన ఒక్కరి కథ కాదు. చెన్నై మెరీనా బీచ్ అంత వెడల్పు కావడానికి మద్రాసు హార్బర్ గోడలు కారణం. దక్షిణాన ఇసుక ఆగింది, ఉత్తరాన రాయపురం కోసుకుపోయింది. పుదుచ్చేరిలో 1980ల చివర్లో హార్బర్ కట్టాక ఊరి బీచే మాయమైంది. 1990 నుంచి 2018 దాకా కేంద్ర సంస్థ చేసిన కొలతల్లో దేశం ప్రధాన భూభాగపు తీరంలో 33.6 శాతం కోతకు గురవుతోందని, 26.9 శాతం మేట వేస్తోందని తేలింది. మరోవైపు సముద్రమట్టం ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993 నుంచి 2015 దాకా ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఏడాదికి మూడు మిల్లీమీటర్లంటే చిన్నదిగా కనిపిస్తుంది. డెల్టాకు పైనుంచి కొత్త మట్టి రాకపోతే, ఉన్న మట్టి కుంగుతూ పోతుంటే, అది చిన్నది కాదు.

చట్టాల దగ్గరికి వస్తే ఒక విచిత్రం చెప్పాలి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీర్పు చెప్పింది: తీరానికి 500 మీటర్ల లోపు వాణిజ్య రొయ్యల చెరువులు ఉండకూడదని. మర్నాడే, డిసెంబరు 12న, ఇంకో బెంచి గోదావర్మన్ కేసులో ఆదేశాలిచ్చింది: ఎవరి సొంతమైనా, రికార్డుల్లో ఏమని రాసి ఉన్నా, అడవి అన్నది అడవేనని. వరసగా రెండు రోజులు, ఒకరోజు తీరానికి, మరుసటి రోజు అడవికి. మన దేశపు పర్యావరణ చరిత్రలో అలాంటి రెండు రోజులు మళ్లీ రాలేదు. తర్వాత జరిగింది చూడండి. 2005లో ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి రొయ్యల చెరువులకు దారి వేశారు. 2019 తీర నియమాల్లో, జనం దట్టంగా ఉన్న గ్రామీణ తీరంలో కట్టడాలు నిషేధించిన హద్దును 200 మీటర్ల నుంచి 50కి కుదించారు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, సరిహద్దుకు వంద కిలోమీటర్ల లోపు కొన్ని రకాల ప్రాజెక్టులకు మినహాయింపులిచ్చారు.

రొయ్యల రైతుల మీద నాకు కోపం లేదు. మన జిల్లాల్లో వేల ఇళ్లు దాని మీద నిలబడ్డాయి. తెల్లమచ్చ వైరస్‌తో 1990ల మధ్యలో చెరువులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో, అప్పులెలా మిగిలాయో కూడా చూశాం. కానీ చెరువు నీటికీ, మడ అడవి కాలువకీ ఒకటే పోటు వస్తుంది. కాలువ చచ్చిపోతే చెరువుకి కూడా మంచి నీరు దొరకదు.

అడవి లెక్కల గురించి ఒక్క మాట. 2023 అటవీ స్థితి నివేదిక ప్రకారం దేశంలో అడవి విస్తీర్ణం 7,15,343 చదరపు కిలోమీటర్లు, అంటే 21.76 శాతం. మడ అడవులు దాదాపు 4,992. ఈ లెక్కలో హెక్టారుకు పైబడిన స్థలంలో పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, తోటైనా అడవి కిందే లెక్క. కాబట్టి పాత అడవి పోయి తోట వచ్చినా అంకె కదలదు.

దీనికి పెద్ద ఉదాహరణ అండమాన్ నికోబార్‌లోని గ్రేట్ నికోబార్ దీవి. 2004 సునామీలో ఆ దీవి కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్ల దాకా కుంగిపోయింది. అక్కడ ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కట్టడానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల వాన అడవి పోతుంది. రేవు కడుతున్న గలాథియా బే పెద్ద సముద్ర తాబేలు గుడ్లు పెట్టే తీరం. 2021లో దాని అభయారణ్యం హోదా తీసేశారు. షోంపెన్, నికోబారీ ఆదివాసులు తరతరాలుగా ఉంటున్న దీవి అది. దీనికి బదులుగా అడవి పెంచేది ఎక్కడో తెలుసా? హర్యానాలో. సముద్రం అంచున పెరిగే వాన అడవిని పొడి నేల మీద నాటిన మొక్కలతో సరిపెడుతున్నారు. తీరాన్నీ అడవినీ వేరువేరు లెక్కలుగా చూస్తే ఇలాంటి లెక్కే వస్తుంది. దేశ రక్షణ అవసరాలు ఉంటాయి, ఒప్పుకుంటాను. భూకంపాలకు కుంగే ఒడ్డు మీద అంత పెద్ద పట్టణం కట్టడం ఏ రక్షణో మాత్రం నాకు అర్థం కాలేదు.

రేపటి గురించి నాకు తోచింది చెబుతాను. మడ అడవి సముద్రం పెరిగేకొద్దీ వెనక్కి, లోపలికి జరగగలదు. దాని వెనకే చెరువు గట్టో, రోడ్డో, లేఅవుటో ఉంటే జరగడానికి చోటుండదు, అక్కడే మునిగి చచ్చిపోతుంది. కాబట్టి మడ వెనక ఖాళీ నేల వదలాలి. ఇది అన్నిటికంటే కష్టమైన పని, ఎందుకంటే ఒడ్డు భూమికి ధర ఉంది. 2020లో ఇక్కడే దుమ్ములపేట దగ్గర మడను ఇళ్ల స్థలాల కోసం పూడ్చారు, ఆ గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదవాళ్లకు ఇల్లు కావాల్సిందే. ఉప్పెన ముందుగా వచ్చే చోట మాత్రం ఇవ్వకూడదు.

రెండోది హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం అంటే మన్యం కోసమే అనుకుంటాం. ఆ చట్టంలో చేపల మీద, నీటివనరుల మీద సామూహిక హక్కు కూడా రాసి ఉంది, అభయారణ్యాలకు కూడా అది వర్తిస్తుంది. మూడు తరాలుగా మడ అడవి మీద ఆధారపడిన ఒడ్డు ఊళ్లు ఆ హక్కు అడగొచ్చు. అల్లూరి కాలం నాటి ప్రశ్న ఇప్పుడు మన పల్లెకారుల ముందుకు వచ్చింది. హక్కున్నవాడు కాలువ పూడిక తీస్తాడు, లేనివాడు రాత్రిపూట మడను నరుక్కుపోతాడు.

ప్రశ్న: ఉప్పాడకు గోడ కట్టాలా, వద్దా సార్?

ఇళ్లు పోతున్న మనిషికి గోడ వద్దని చెప్పే ధైర్యం నాకు లేదమ్మా. అక్కడున్నవాళ్లను ఈ వానాకాలం గట్టెక్కించడానికి రాళ్లు వేయాల్సిందే. కానీ గోడ ఎంత పొడవు కడితే దాని ఉత్తరపు కొసన ఉన్న ఊరికి కోత అంత జరుగుతుంది. అందుకని గోడతో పాటు రెండు పనులు చేయాలి. ఓడల దారి కోసం తవ్విన ఇసుకను నడిసముద్రంలో పారబోయకుండా కోతపడే ఒడ్డుకు వేయాలి. విశాఖలో రేవు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కు వేస్తూ వచ్చారు, కాబట్టి అది జరగని పనేమీ కాదు. రెండోది, ఊరిని లోపలికి మార్చాల్సి వస్తే సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలోనే స్థలం ఇవ్వాలి. పడవా వలా ఒకచోట, ఇల్లు పది కిలోమీటర్ల అవతల అంటే ఎవరూ వెళ్లరు.

ప్రశ్న: మడ మొక్కలు నాటే కార్యక్రమానికి మా కాలేజీని పిలుస్తున్నారు. వెళ్లమంటారా?

వెళ్లండి. వెళ్లేముందు ఆ చోటును పోటుకు ఒకసారి, పాటుకు ఒకసారి చూడండి. నీరు వచ్చి వెళ్తోందా, నిలిచిపోతోందా? నిలిచిపోతుంటే మొక్క కంటే ముందు కాలువ కావాలి. ఇంతకుముందు అక్కడ మడ ఉండేదా అని ఊళ్లో పెద్దలను అడగండి. ఎప్పుడూ లేని బురదమేట మీద నాటితే ఫొటోకు బాగుంటుంది, బతకదు. 2023 కేంద్ర బడ్జెట్‌లో మిష్టి అని ఒక పథకం పెట్టారు, ఐదేళ్లలో 540 చదరపు కిలోమీటర్ల మడ పెంచాలని. డబ్బు ఉంది కాబట్టి ఎక్కడ నాటాలో అడిగే మనిషి కావాలి.

ఇంకో పని కూడా ఉంది. తీర ప్రాంత నిర్వహణ ప్రణాళిక మ్యాపులు ప్రజల ముందు పెట్టాలి, అభ్యంతరాలు తీసుకోవాలి అని నియమం ఉంది. మీ మండలం మ్యాపు తెచ్చుకుని, అందులో మడ ఎక్కడ గీశారో, నేల మీద ఎక్కడుందో పోల్చండి. ఇద్దరు ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని అంచు వెంట నడిస్తే ఒక ఆదివారం పని. తేడా కనిపిస్తే సంతకాలతో కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. మ్యాపులో లేని మడను పూడుస్తుంటే ఆపడం కష్టం, అందుకని ముందు అది మ్యాపులోకి రావాలి.